యారాడ కొండ నుంచి చింతపల్లి కనుమ దాకా: విశాఖ ప్రాంత స్వాతంత్ర్యోద్యమ స్థలాల సందర్శన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

స్వాతంత్ర్యోద్యమంతో ముడిపడిన స్థలాలను సందర్శించడం కళాశాలల చరిత్ర, సాహిత్య శాఖల విద్యాప్రణాళికలో క్రమంగా చోటు చేసుకుంటున్నది. అయితే విగ్రహానికి పూలమాల వేసి, సమాధి వద్ద ఛాయాచిత్రం తీసుకొని తిరిగి రావడంతో ఆ సందర్శన ముగిసిపోతే, స్థలం చెప్పగలిగినది చెప్పకుండానే మిగిలిపోతుంది. విశాఖపట్నం పరిసరాలలోని మూడు స్థలసముదాయాలను – పద్మనాభం, పాండ్రంగి గ్రామాలను; నర్సీపట్నం – చింతపల్లి మన్యం దారిని; యారాడ కొండ పాదాన ఉన్న నౌకానిర్మాణ కేంద్రాన్ని – ఆధారంగా చేసుకొని, స్థలాన్ని చారిత్రక సాక్ష్యంగా చదివే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. స్మారకాల కంటే దారులు, కొండలు, రేవులు, ఊరిపేర్లు కొన్ని సందర్భాలలో బలమైన సాక్ష్యాలవుతాయని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్వాతంత్ర్యోద్యమం, వారసత్వ స్థలాలు, యారాడ, పద్మనాభ యుద్ధం, మన్యం తిరుగుబాటు, సింధియా, గాంధీగ్రాం, స్మారకం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం నగరానికి దక్షిణాన, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న పల్లె యారాడ. సింధియా కూడలి దాటి కొండ ఎక్కి దిగితే యారాడ తీరం వస్తుంది. సముద్రంలోకి చొచ్చుకొని పోయిన ఆ కొండ కొసను ఆంగ్లేయ నావికులు తమ కంటికి తోచిన పోలికతో డాల్ఫిన్‌ నోస్‌ అన్నారు. స్థానికులకు అది యారాడ కొండ. ఒకే కొండకు ఉన్న ఈ రెండు పేర్లు రెండు చూపులను సూచిస్తాయి. సముద్రం మీద నుంచి ఒడ్డును చూసినవారి చూపు మొదటిది. ఒడ్డున బతికినవారి చూపు రెండవది. వలసపాలన కాలపు స్థలాలను పరిశీలించే విద్యార్థికి ఈ భేదమే తొలి పాఠం కాదగినది.

ఈ కొండ మీది నుంచి చూస్తే రేవు కాలువ, నౌకానిర్మాణ కేంద్రం, పాతనగరం ఒకే దృశ్యంలో కనిపిస్తాయి. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలోని కంపెనీ సిపాయిలు, హైదర్‌ అలీతో యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్లాలన్న ఆజ్ఞను ధిక్కరించి తిరగబడ్డారు. 1933లో ప్రారంభమైన ఓడరేవు ఈ కొండ చాటున ఏర్పడినదే. 1942 ఏప్రిల్‌ 6న జపాను విమానాలు బాంబులు వేసినది ఈ తీరం మీదనే. ఇన్ని ఘట్టాలు ఒకే చోట ఉన్నా, యారాడకు వచ్చే సందర్శకులలో అధికులు చూసేది తీరాన్ని మాత్రమే. స్థలం ఉండడం వేరు, స్థలం చదవబడడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ప్రస్తుత పరిశీలనకు మూలం.

2. స్మారకం, జాడ, నేల

స్వాతంత్ర్యోద్యమ స్థలాలను అధ్యయన సౌలభ్యం కోసం మూడు విధాలుగా విభజించుకోవచ్చు.

మొదటిది స్మారకం. ఇది సంఘటన జరిగిన తరువాత, జ్ఞాపకాన్ని నిలపాలన్న సంకల్పంతో నిర్మించినది. విగ్రహాలు, స్తూపాలు, ప్రదర్శనశాలలు ఈ కోవకు చెందుతాయి. స్మారకం సంఘటన గురించి ఎంత చెబుతుందో, దానిని నిర్మించిన కాలం గురించి కూడా అంతే చెబుతుంది.

రెండవది జాడ. సంఘటన నాటికే ఉండి, నేటికీ కొంతవరకు మిగిలి ఉన్నది. పోలీసు ఠాణా, కారాగారం, కోట, సమాధి ఇందులో చేరతాయి.

మూడవది నేల. కొండ, కనుమ, ఏరు, దారి, రేవు వంటివి. వీటిని ఎవరూ స్మారకంగా ప్రకటించనవసరం లేదు. కాని సంఘటన ఆ విధంగానే ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు చాలాసార్లు సమాధానం ఇక్కడే లభిస్తుంది.

ఈ విభజన ప్రపంచంలోని ఇతర స్థలాలకూ వర్తిస్తుంది. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి ఏప్రిల్‌ 6న గాంధీజీ దండి తీరంలో ఉప్పు తీశారు. అక్కడ దారి నేల అయితే, 2019లో ఆవిష్కృతమైన జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకం మొదటి కోవలోనిది. అందులో గాంధీజీతో పాటు నడిచినవారికి కూడా విగ్రహాలు ఉండడం గమనార్హం. దక్షిణాఫ్రికాలోని రాబెన్‌ ద్వీప కారాగారం జాడ. 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ చోట ఒకప్పటి ఖైదీలే సందర్శకులకు మార్గదర్శకులుగా పనిచేశారు. నాయకునితో పాటు అనుచరులకు చోటివ్వడం, అనుభవించినవారి నోటనే చరిత్రను వినిపించడం – ఈ రెండు పద్ధతులూ విశాఖ ప్రాంత స్థలాలను అంచనా వేయడానికి కొలమానాలుగా ఉపయోగపడతాయి.

3. పద్మనాభం – పాండ్రంగి: ఒక మండలం, రెండు కాలాలు

విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ ఉన్న పద్మనాభం వద్ద 1794 జూలై 10న విజయనగర సంస్థానాధిపతి చిన్న విజయరామరాజుకూ ఈస్టిండియా కంపెనీ సేనకూ యుద్ధం జరిగింది. కర్నల్‌ ప్రెండర్‌గాస్ట్‌ నాయకత్వంలోని కంపెనీ దళం తెల్లవారుజామున దాడి చేసింది. పోరాటం కొద్దిసేపట్లోనే ముగిసింది. రాజుతో పాటు ఆయన పక్షాన నిలిచిన పలువురు క్షత్రియ ప్రముఖులు నేలకొరిగారు.

ఈ యుద్ధాన్ని స్వాతంత్ర్య సమరంగా పేర్కొనడం సమంజసమా అన్నది అధ్యాపకులు తప్పక చర్చకు పెట్టవలసిన విషయం. యుద్ధానికి మూలం పేష్కషు బకాయిలు. రాజును సంస్థానం వదిలి మద్రాసు వెళ్లవలసిందిగా కంపెనీ ఆదేశించడం. ఇరవయ్యో శతాబ్దపు జాతీయభావన ఆనాటి పోరాటంలో ఉందని చెప్పడం కాలవ్యత్యయ దోషమే. అయితే దానిని కేవలం శిస్తు తగాదాగా కొట్టిపారేయడమూ సరికాదు. దేశీయ పాలకుని ఉనికి కంపెనీ ఖాతాపుస్తకంలో బాకీ పద్దుగా కుదించుకుపోవడం ఈ యుద్ధంలో స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత రాజకుమారునికి సంస్థానాన్ని తగ్గించిన రూపంలో తిరిగి ఇవ్వడం, 1802లో శాశ్వత పరిష్కార విధానం అమలులోకి రావడం ఆ పరిణామానికి కొనసాగింపులు. కాబట్టి పద్మనాభం సందర్శనలో వీరగాథ కంటే ముందు వినిపించవలసినది శిస్తు కథ.

ఇదే పద్మనాభం మండలంలో గోస్తనీ తీర ప్రాంతాన పాండ్రంగి ఉంది. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న జన్మించిన గ్రామమిది. ఆయన మాతామహుల ఊరు. సంస్థానాధిపతి నేలకొరిగిన చోటుకు అంత చేరువలోనే, నూరేళ్ల తరువాత మన్యం పోరాట నాయకుడు జన్మించాడు. దీనిని దైవఘటనగా వర్ణించడం పరిశోధకుని పని కాదు. కాని ఈ సామీప్యం బోధనకు అనువైనది. 1794లో కంపెనీని ఎదిరించినది భూమిపై అధికారం ఉన్న వర్గం. 1922లో ఎదిరించినది అడవిపై హక్కు కోల్పోయిన జనం. ప్రతిఘటించిన వర్గం మారింది, కారణం మారింది, పోరాట రూపం మారింది. ఈ మూడు మార్పులనూ ఒకే రోజు పర్యటనలో విద్యార్థికి చూపగల చోట్లు అరుదు.

4. మన్యం దారి

4.1 దారే కారణం

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే కనుమదారి నేడు శీతకాలపు మంచుకు ప్రసిద్ధం. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి డిసెంబరు, జనవరి నెలలలో వేలాదిగా సందర్శకులు వస్తారు. వారిలో ఎక్కువమందికి తాము ప్రయాణిస్తున్న దారికీ, తిరుగుబాటుకూ ఉన్న సంబంధం తెలియదు.

గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌ పర్యవేక్షణలో ఈ కనుమదారి నిర్మాణానికి మన్యం ప్రజలను బలవంతంగా పనిలోకి దింపారు. వారికి దక్కవలసిన కూలి దక్కలేదు. ఎదురు చెప్పినవారు శిక్షకు గురయ్యారు. అంతకు ముందే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయం మీద, అటవీ ఉత్పత్తుల సేకరణ మీద ఆంక్షలు బిగుసుకున్నాయి. ముఠాదార్ల పూర్వపు హక్కులు కుదించుకుపోయాయి. అడవిలో బతుకుతెరువు పోయినవారినే, ఆ అడవిలోకి ప్రభుత్వాన్ని తీసుకువచ్చే దారి వేయడానికి వినియోగించారు. తిరుగుబాటుకు అనేక కారణాలలో ఈ దారి ఒకటి మాత్రమే. కాని నేటికీ పాదాలతో తాకి చూడగలిగిన కారణం ఇదే.

పైన చెప్పిన మూడు కోవలలో ‘నేల’ ప్రాధాన్యం ఇక్కడ తేటపడుతుంది. కనుమలోని ఏటవాలు, మలుపులు, రాతి కోత చూసినప్పుడు వెట్టిచాకిరీ అన్న మాటకు బరువు తెలుస్తుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన అంశం దేహానుభవంగా మారుతుంది. సందర్శన పాఠ్యపుస్తకానికి చేర్చగలిగిన అదనపు జ్ఞానం ఇదే.

4.2 మూడు ఠాణాలు, ఒక కనుమ

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై సీతారామరాజు దళం వరుసగా దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు దళం చేతికి వచ్చాయి. మూడు రోజులలో మూడు ఠాణాలు అన్న వాక్యం చదివినప్పుడు కలిగే భావన వేరు. ఆ మూడు ఊళ్ల మధ్య దూరాన్ని, అడవిని, కొండలను చూసిన తరువాత కలిగే భావన వేరు. వాహనాలు లేని దళం ఆ వేగంతో కదిలిందంటే అడ్డదారులు ఎరిగిన స్థానికులు తోడుండాలి. తిండి, ఆశ్రయం, కబురు అందించే ఊళ్లు ఉండాలి. నాయకుని వెనుక ఉన్న సమాజం పటం మీద ఇలా ప్రత్యక్షమవుతుంది.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళం మాటువేసి జరిపిన దాడిలో స్కాట్‌ కవర్డ్‌, హైటర్‌ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు మరణించారు. ఇరుకైన కనుమలో వరుసగా నడిచే సేనకు పైనుంచి మాటువేసినవారి మీద ఆధిక్యం ఉండదన్నది అక్కడ నిలబడి చూస్తే విశదమవుతుంది. ఆ తరువాత మలబారు ప్రత్యేక పోలీసు దళం, 1924 నాటికి అస్సాం రైఫిల్స్‌ రంగప్రవేశం చేశాయి. కొండ యుద్ధంలో ఆరితేరిన సేనలను అంత దూరం నుంచి రప్పించవలసి రావడం ఈ నేల ఇచ్చిన బలానికి నిదర్శనం.

4.3 సమాధులు: ఎవరికి పేరు, ఎవరికి లేదు

1924 మే 7న మంప సమీపాన పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరు వద్ద విచారణ లేకుండా కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. అక్కడ ఆయన సమాధితో పాటు ప్రధాన అనుచరుడు గాం గంటందొర సమాధి కూడా ఉంది. గంటందొర 1924 జూన్‌లో ప్రభుత్వ దళాలతో పోరులో మరణించాడు. దామనపల్లిలో చనిపోయిన ఆంగ్లేయ అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ఈ నాలుగు సమాధులను ఒక వరుసలో పెట్టి చూస్తే ఒక ప్రశ్న తలెత్తుతుంది. నాయకునికి, ముఖ్య అనుచరునికి, ప్రత్యర్థి అధికారులకు సమాధులున్నాయి. దారి పనిలో దెబ్బలు తిన్నవారు, దళంలో పోరాడి చనిపోయినవారు, దళానికి బియ్యం ఇచ్చినందుకు శిక్ష అనుభవించిన ఊళ్లవారు ఎక్కడ గుర్తుంచబడ్డారు? స్మారకం వ్యక్తిని నిలుపుతుంది. ఉద్యమాన్ని నిలపడం దానికి కష్టం. గూడెం – రంప తిరుగుబాట్లపై డేవిడ్‌ ఆర్నాల్డ్‌ సబాల్టర్న్‌ స్టడీస్‌ తొలి సంపుటిలో (1982) రాసిన వ్యాసం 1839 నుంచి 1924 దాకా జరిగిన తిరుగుబాట్లను ఒకే పరంపరగా చూపింది. ఆ దృష్టితో చూసినప్పుడు 1922 పోరాటం ఒక వీరుని రాకతో మొదలైనది కాదు. అప్పటికే పోరాడుతున్న జనానికి ఒక నాయకుడు దొరికిన సందర్భం. ఇది సీతారామరాజు ప్రాధాన్యాన్ని తగ్గించదు. ఆయన ఎవరి పక్షాన నిలిచాడో వారిని కూడా చూపుతుంది.

గాం మల్లుదొర జీవితం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. దళంలోని ముఖ్యులలో ఒకడైన ఆయన 1923లో పట్టుబడి, సుదీర్ఘ కారాగారవాసం అనుభవించి, 1952లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటు సమాధితో ముగియలేదని, అదే జనం ప్రతినిధిగా శాసనసభ్యతకు చేరిందని చెప్పడానికి ఇంతకంటె బలమైన ఉదాహరణ లేదు.

5. గాంధీగ్రాం: ఊరిపేరులో దాగిన ఉద్యమం

యారాడకు వెళ్లే దారిలోని సింధియా అన్న పేరును నగరవాసులు బస్సు మజిలీ పేరుగా పలుకుతారు. ఆ పేరు సింధియా స్టీమ్‌ నావిగేషన్‌ కంపెనీది. 1919 ఏప్రిల్‌ 5న ఆ సంస్థ ‘లాయల్టీ’ అనే ఓడను బొంబాయి నుంచి లండనుకు పంపింది. ఆ రోజునే నేడు జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటున్నారు. అంతకు ముందు 1906లో వి.ఓ. చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంస్థను స్థాపించి, ఆంగ్లేయ సంస్థల పోటీకి, ప్రభుత్వ నిర్బంధానికి గురయ్యాడు. భారత తీరంలో భారతీయుల ఓడలు నడవడమే ఒక రాజకీయ చర్యగా ఉన్న కాలమది.

సింధియా సంస్థకు నాయకత్వం వహించిన వాల్‌చంద్‌ హీరాచంద్‌ నౌకానిర్మాణ కేంద్రానికి తొలుత కలకత్తాను ఎంచుకున్నాడు. అక్కడ స్థలం లభించకపోవడంతో విశాఖపట్నం వైపు మళ్లాడు. 1941 జూన్‌ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌ శంకుస్థాపన చేశారు. కొండ చాటున అలల తాకిడి లేని రేవు ఉండడం ఈ స్థలానికి ఉన్న సహజ బలం. ఇక్కడ కూడా నేలే నిర్ణయకారి. మరుసటి ఏడు బాంబుదాడి, యుద్ధకాలపు ఇబ్బందులు పనులను కుంటుపరచాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకు, 1948 మార్చి 14న జవహర్‌లాల్‌ నెహ్రూ ఇక్కడ నిర్మించిన ‘జల ఉష’ నౌకకు జలప్రవేశం చేయించారు. 1952లో ఈ కేంద్రం హిందుస్థాన్‌ షిప్‌యార్డుగా మారింది.

ఈ కేంద్రం చిరునామాలో నేటికీ ఉన్న ఊరిపేరు గాంధీగ్రాం. భారీ యంత్రాల పట్ల గాంధీజీకి ఉన్న అభిప్రాయాలను ఎరిగినవారికి, ఉక్కు ఓడలు కట్టే చోటుకు ఆయన పేరు పెట్టడంలోని వైరుధ్యం తెలుస్తుంది. ఆ వైరుధ్యం స్వదేశీ ఉద్యమంలోనిదే. నూలు వడికే చేయి, ఓడ కట్టే పెట్టుబడి – రెండూ ఒకే మాట కింద నిలిచాయి. స్వాతంత్ర్యోద్యమ స్థలాల జాబితాలలో కార్ఖానాలకు చోటు దొరకడం అరుదు. తుపాకీ పేలిన చోటు, సత్యాగ్రహం జరిగిన చోటు సులభంగా గుర్తుంటాయి. ఆర్థిక స్వాతంత్ర్యం కోసం పునాదిరాయి పడిన చోటు గుర్తుండదు. రక్షణ, భద్రతా నియమాల వల్ల ఈ ప్రాంతంలో ప్రవేశం పరిమితం కావడం మరొక కారణం. అయితే యారాడ దారిలో కొండ మీది నుంచి ఆ ప్రాంతాన్ని చూపుతూ, ఊరిపేర్ల ద్వారా దాని చరిత్రను చెప్పడానికి ఆటంకం లేదు.

6. సముద్రం ఆవలి కొస

మన్యం చరిత్రను చింతపల్లి దగ్గర ఆపితే అది అసంపూర్ణం. బోనంగి పండు పడాలు వంటి తిరుగుబాటు యోధులు ప్రవాసశిక్షపై అండమాన్‌కు చేరారు. 1896 – 1906 మధ్య నిర్మితమైన పోర్ట్‌ బ్లెయిర్‌ సెల్యులర్‌ జైలుకు ఏడు విభాగాలుండగా నేడు మూడు మిగిలాయి. 1979లో అది జాతీయ స్మారకంగా అంకితమైంది. ఏకాంతంగా ఉంచేందుకే కట్టిన ఆ గదుల నిర్మాణం, కనుమలలో గుంపుగా కదిలిన మనుషులను ఎలా విడదీశారో చెబుతుంది. సముద్రం ఎరుగని కొండవాళ్లకు సముద్రమే జైలుగోడ అయింది. విశాఖ విద్యార్థికి అండమాన్‌ సుదూర తీర్థం కాదు. తన జిల్లా చరిత్రలో విడిపోయిన ఒక పుట.

7. సందర్శనకు పద్ధతి

పై పరిశీలన ఆధారంగా విద్యార్థి బృందాల సందర్శనకు కొన్ని సూచనలు చేయవచ్చు.

మొదటిది, వరుస. పద్మనాభం, పాండ్రంగి ఒక రోజు. నర్సీపట్నం, కృష్ణదేవిపేట, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి రెండు రోజులు. యారాడ, సింధియా ప్రాంతాలు ఒక పూట. 2022 ఏప్రిల్‌ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పాండ్రంగి విశాఖపట్నం జిల్లాలో, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పరిపాలన సరిహద్దులు మారినా చరిత్ర ఒకటే కాబట్టి, జిల్లాల వారీ పర్యాటక పట్టికలకు బదులు ఉద్యమ క్రమాన్ని అనుసరించడం మేలు.

రెండవది, ప్రశ్న. ప్రతి స్థలం వద్ద విద్యార్థి మూడు ప్రశ్నలకు సమాధానం రాసుకోవాలి: ఇక్కడ ఎవరి శ్రమ ఉంది? ఎవరి అధికారం ప్రశ్నకు గురైంది? ఎవరి జ్ఞాపకం నిలిచింది, ఎవరిది నిలవలేదు?

మూడవది, మర్యాద. మన్యం మ్యూజియం కాదు. బగత, కొండదొర, కోయ తదితర సమాజాలు బతుకుతున్న చోటు. పెద్దల జ్ఞాపకాలను సేకరించేటప్పుడు వారి అనుమతి తీసుకోవడం, చెప్పినది చెప్పిన మాటల్లోనే నమోదు చేయడం, సేకరించినదాని ప్రతిని ఆ ఊరికి తిరిగి అందజేయడం పరిశోధకుని కనీస ధర్మం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1970 నాటి ఒకటవ నిబంధన రక్షణ కల్పిస్తున్న ప్రాంతమిది. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కుల నిర్ధారణ జరుగుతున్నదీ ఇక్కడే. పర్యాటకం పెరిగేకొద్దీ భూమిపై ఒత్తిడి పెరుగుతుంది. అడవి హక్కు కోసం పోరాడినవారి స్మృతిని దర్శించడానికి వెళ్లేవారి రాకే వారి వారసుల భూమికి ముప్పు కారాదు.

నాలుగవది, ప్రదర్శన. చింతపల్లి మండలం తాజంగి వద్ద గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల ప్రదర్శనశాల నిర్మాణాన్ని చేపట్టారు. అక్కడ నాయకుని ఆయుధాలకు, చిత్రాలకు ఇచ్చినంత చోటు దారి పనికి, పోడుకు, ముఠా వ్యవస్థకు, శిక్షపడినవారి పేర్ల పట్టికకు కూడా దక్కినప్పుడే దాని ఉద్దేశం నెరవేరుతుంది.

8. ముగింపు

• విశాఖ ప్రాంతంలోని స్వాతంత్ర్యోద్యమ స్థలాలు సంస్థానాధిపతుల ప్రతిఘటన, గిరిజన తిరుగుబాటు, స్వదేశీ పరిశ్రమ అనే మూడు భిన్న ధోరణులకు సాక్ష్యాలు. వీటిని ఒకే వీరగాథగా కలిపివేయడం కంటే, భేదాలతో సహా చూపడం శాస్త్రీయం.

• స్మారకాల కంటే కనుమదారి, రేవు వంటి నేలకు సంబంధించిన సాక్ష్యాలు ఉద్యమ కారణాలను స్పష్టంగా వెల్లడిస్తాయి. నర్సీపట్నం – చింతపల్లి దారి ఇందుకు ప్రముఖ నిదర్శనం.

• సమాధుల పరిశీలన నాయకుల స్మృతికి, అనుచరుల విస్మృతికి మధ్య ఉన్న అంతరాన్ని చూపుతుంది. మౌఖిక చరిత్ర సేకరణ ఈ లోటును కొంతవరకు పూరించగలదు.

• సింధియా, గాంధీగ్రాం వంటి పేర్లు స్వయంగా చారిత్రక ఆధారాలు. పారిశ్రామిక స్థలాలను కూడా స్వాతంత్ర్యోద్యమ వారసత్వంలో భాగంగా పరిగణించవలసి ఉంది.

దండి దారిలో నడిచినవారందరికీ రూపం ఇచ్చిన స్మారకం ఒకటి దేశంలో ఉంది. లంబసింగి కనుమలో రాళ్లు కొట్టినవారికి ఇంకా రూపం లేదు. కాని వారు వేసిన దారి ఉంది. దాని మీద ప్రయాణించే ప్రతి విద్యార్థికీ ఆ సంగతి తెలియజేయడం అధ్యాపకుల చేతిలో ఉన్న పని.